నాలుగు వందల పదకొండు ఓం శాంతులు

చింతలపేట బస్టాండు ఎదురుగా జ్యోతి ఫోటో స్టూడియో నడుపుకునే వేముల రాజలింగం ముప్పై ఏళ్లుగా ఒకే పని చేస్తూ వచ్చాడు. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కొంచెం ఎత్తమని, భుజాలు వదులు చెయ్యమని చెప్పి ఫోటో తీసేవాడు. ఈ పని చేస్తే చాలదన్న సంగతి ప్రభుత్వం చెప్పేదాకా అతనికి తెలియలేదు.

ప్రభుత్వానికి ఎలా తెలిసిందంటే, ఒక పెద్ద అధికారి ఎక్కడో చల్లని ఊళ్లో జరిగిన సదస్సుకు వెళ్లివచ్చాడు. ఈ కాలంలో ఫోటోగ్రాఫరు ఎదగాలంటే సోషల్ మీడియాలో తోటివాళ్లతో వృత్తి సంబంధాలు పెంచుకోవాలని అక్కడ ఎవరో చెప్పారు. మాట మంచిదే. ఎవరి ఇష్టానికి వాళ్లను వదిలేస్తే నలుగురికి పనికొచ్చేదే. కాని మంచి మాటను జనం ఇష్టానికి వదిలేసే అలవాటు మనకు లేదు. మూడు నెలలు తిరక్కుండా 'ఛాయాచిత్రకారుల వృత్తి సంబంధాల అభివృద్ధి సంస్థ' పుట్టింది. దానికి భవనం వచ్చింది, జీపు వచ్చింది, జిల్లాకొక ఉపసంచాలకుడు వచ్చాడు. ఆఖరున 'ఛాయాబంధం' అని ఒక సోషల్ మీడియా పేజీ వచ్చింది. జిల్లాలో ఉన్న నాలుగు వందల పన్నెండు మంది ఫోటోగ్రాఫర్లూ అందులో చేరి తీరాలన్నారు. చేరకపోతే లైసెన్సు ఉండదు. లైసెన్సు లేని స్టూడియోలో దిగిన ఫోటోను ఏ ఆఫీసులోనూ తీసుకోరు. పాస్‌పోర్టు సైజు ఫోటోల మీదే బతికే రాజలింగం మొదటి రోజే చేరిపోయాడు.

శిక్షణ తరగతి జిల్లా కేంద్రంలో ఒక హాల్లో పెట్టారు. ఉపసంచాలకుడు చక్రధరరావు గంటన్నర మాట్లాడాడు. సంబంధరహితుడైన ఛాయాచిత్రకారుడు రాష్ట్ర ప్రగతికి అవరోధమన్నాడు. స్పందన, ప్రతిస్పందన, ధన్యవాద సమర్పణ అనే త్రివిధ ప్రక్రియ ద్వారానే వృత్తి వికసిస్తుందన్నాడు. తెలిసిన భాషలో చెప్పాలంటే విషయం ఇదీ. ప్రతి ఫోటోగ్రాఫరూ రోజుకొక ఫోటో ఛాయాబంధంలో పెట్టాలి. మిగిలిన నాలుగు వందల పదకొండు మందీ పది నిమిషాల్లోగా దాని కింద కనీసం రెండు మాటలు రాయాలి. ఫోటో పెట్టినవాడు గంటలోగా ఆ నాలుగు వందల పదకొండు మందికీ కృతజ్ఞత చెప్పాలి. చేసినవాడికి మార్కులు పడతాయి, చెయ్యనివాడికి పోతాయి. ఈ మార్కులకు 'పరస్పర స్పందనా సూచిక' అని పేరు. సూచిక ఎనభై కంటే తగ్గితే లైసెన్సు రద్దు.

రాజలింగం భయపడుతూనే లేచి, తాను పెళ్లిలో తాళి కట్టే ఫోటో తీస్తున్నప్పుడు ఎవరైనా ఫోటో పెడితే ఎట్లా అని అడిగాడు.

"ముహూర్తానికి పురోహితుడు బాధ్యుడు. స్పందనకు మీరు బాధ్యులు" అన్నాడు చక్రధరరావు.

ఇంకొక ఘనమైన సంగతి కూడా ఆ రోజే ప్రకటించాడు. ఛాయాబంధాన్ని మిగతా శాఖలన్నిటితో అనుసంధానం చేశారట. ఒక ఫోటో మీద వందమందికి మించి గుర్తింపు పొందిన వృత్తినిపుణులు ఒకే భావం ప్రకటిస్తే, దాన్ని 'ధ్రువీకృత భావన'గా నమోదు చేసి సంబంధిత శాఖలకు పంపిస్తారట. వందమంది నిపుణులు అబద్ధం చెప్పరు కదా అని అతని వాదన. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో తిరుగు బస్సులో ఒకరినొకరు అడిగారు.

ఆ తర్వాత జిల్లాలో ఫోటోగ్రాఫర్ల బతుకు ఎలా మారిందో చెప్పడం కష్టం. తెల్లారి లేచింది మొదలు అందరి బొటనవేళ్లూ ఫోను మీదే ఉండేవి. రోజుకు నాలుగు వందల పదకొండు మెచ్చుకోళ్లు, నాలుగు వందల పదకొండు కృతజ్ఞతలు. ఫోటో చూసి రాయాలంటే తిండికి కూడా టైము ఉండదు. అందుకని చూడకుండా రాయడం నేర్చుకున్నారు. మొదట్లో అందరూ 'సూపర్ అన్న' అని రాశారు. అన్ని ఫోటోలకూ ఒకే మాట రాస్తే యాంత్రిక స్పందన కింద మార్కు కోస్తామని సంస్థ హెచ్చరించేసరికి ఒక పద్ధతి ఏర్పడింది. రంగులు కనిపిస్తే 'హ్యాపీ బర్త్‌డే'. పూలదండలు రెండు కనిపిస్తే 'శుభాకాంక్షలు'. ఆకుపచ్చగా ఏదైనా ఉంటే 'అద్భుత దృశ్యం'. నలుపు తెలుపు ఫోటో అయితే 'ఓం శాంతి'. మన దగ్గర నలుపు తెలుపు ఫోటో బయటికి వచ్చేది మనిషి పోయినప్పుడే కాబట్టి ఇందులో ఎవరికీ తప్పు తోచలేదు. కృతజ్ఞతకయితే చేతులు జోడించిన బొమ్మ ఒకటుంది, దాన్ని నొక్కితే చాలు. రాజలింగం సూచిక తొంభై ఆరుకు చేరింది. ఇంట్లో అతని భార్య సుగుణ అన్నం పెట్టి పిలిస్తే కూడా చేతులు జోడిస్తున్నాడని వాడకట్టంతా చెప్పుకునేవారు.

ఒక శుక్రవారం పొద్దున కూన బుచ్చవ్వ స్టూడియోకు వచ్చింది. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. పదిహేనో ఏట నుంచి బీడీలు చుడుతోంది. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంట్లో పొర కమ్మేసి, ఈ మధ్య తునికాకును చేత్తో తడిమి కత్తిరిస్తోంది. వచ్చే శుక్రవారం హైదరాబాదు నుంచి పెద్ద డాక్టరు వస్తాడు, ఆపరేషన్ చేస్తాడు. మళ్లీ ఆయన రావడం ఆరు నెలల తర్వాతే. అప్పటిదాకా ఆగితే ఆ కంటికి తాను హామీ ఇవ్వలేనని ఇక్కడి డాక్టరు చెప్పేశాడు. వైద్య సాయం కార్డు ఉంది కాబట్టి ఆపరేషన్‌కు అడ్డం ఏమీ లేదు, ఫారం మీద అంటించడానికి రెండు ఫోటోలు కావాలి, అంతే.

ఫోటోలు తీసేశాక రాజలింగం ఆమెను వెంటనే పంపలేదు. తలుపు సందులోంచి ఎండ ఆమె చెంప మీద ఏటవాలుగా పడుతోంది. ముడతలన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి. కెమెరా ఎక్కడుందో ఆమెకు కనిపించదు కాబట్టి అతని గొంతు వచ్చిన వైపు చూస్తోంది. ఆ చూపులో అడిగేది ఏమీ లేదు, దాచేది ఏమీ లేదు. రాజలింగానికి చాలా రోజుల తర్వాత ప్రాణం లేచివచ్చింది. రెండు నిమిషాలు కూర్చోమని బతిమాలి, ఆ వెలుగుకు రంగులు అడ్డమని నలుపు తెలుపులో ఒక ఫోటో తీశాడు. ముప్పై ఏళ్లలో అలాంటి ఫోటో తీయలేదని అతనికి అప్పుడే తెలిసిపోయింది.

తోటి ఫోటోగ్రాఫర్లు చూస్తారని మనసుపడ్డాడు. అంతకుమించిన ఆశ ఏమీ లేదు. 'కూన బుచ్చవ్వ, బీడీ కార్మికురాలు, చింతలపేట' అని రాసి ఛాయాబంధంలో పెట్టి, బయట ఎదురుచూస్తున్న కాలేజీ పిల్లలను లోపలికి పిలిచాడు. వాళ్ల ఫోటోలు అయ్యేసరికి గంట దగ్గరపడింది. ఫోను అందుకుని గబగబా నాలుగు వందల పదకొండు చేతులు జోడించాడు. అలవాటైన వేలు, చదవడానికి ఆగలేదు.

సాయంత్రం సుగుణ ఫోను చూసి అతని దగ్గరికి వచ్చింది.

"బుచ్చవ్వ ఎప్పుడు పోయింది? పొద్దుగాల గీ తొవ్వలనే పోతుంటె చూసిన గదా."

రాజలింగం ఫోను లాక్కుని చూశాడు. పై నుంచి కింది దాకా 'ఓం శాంతి'. కొందరు భావుకులు 'తీరని లోటు' అని, ఇంకొందరు 'ఆత్మకు శాంతి' అని రాశారు. ప్రతి దాని కిందా అతని చేతులు జోడించిన బొమ్మ. అడుగున ఆకుపచ్చ ముద్ర పడి ఉంది, 'ధ్రువీకృత భావన' అని. 'అవ్వ బతికే ఉన్నది' అని అడుగున రాశాడు. పది నిమిషాల్లో దానికింద నాలుగు వందల మంది 'నిజమే అన్న', 'బాగా చెప్పారు' అని రాశారు.

మర్నాడు బుచ్చవ్వ ఫారం ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్తే, కార్డు చెల్లదన్నారు. కార్డు గల మనిషి నిన్న మధ్యాహ్నం పోయినట్టు కంప్యూటరులో ఉందట. ఆమె తిన్నగా స్టూడియోకు వచ్చి ఆ మాట చెప్పింది. తిట్టలేదు, ఏడవలేదు. ఫోటోలో ఏమన్నా పొరపాటు వచ్చిందేమో, ఇంకొకటి తియ్యమని అడిగింది. రాజలింగానికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తన చేత్తో నాలుగు వందల పదకొండుసార్లు ఒప్పుకున్న చావు అది.

సోమవారం ఆమెను వెంటబెట్టుకుని చక్రధరరావు దగ్గరికి వెళ్లాడు. ఉపసంచాలకుడు ఆదరంగా కూర్చోమన్నాడు. కంప్యూటరు చూశాడు, బుచ్చవ్వను చూశాడు, మళ్లీ కంప్యూటరు చూశాడు. రెంటిలో ఏది నమ్మదగినదో అతనికి సందేహం కలగలేదు.

"ఈమె సజీవంగా ఉన్నారన్న మీ అభిప్రాయాన్ని నేను గౌరవిస్తాను. కాని అది ఒకే ఒక్క అభిప్రాయం. అటువైపు నాలుగు వందల పదకొండు ఉన్నాయి."

మనిషి ఎదురుగానే ఉంది కదా అని రాజలింగం చేతులు జోడించాడు. ఎదురుగా ఉండటం వ్యక్తిగత హాజరు కిందికి వస్తుందనీ, దాన్ని నమోదు చెయ్యడానికి ఈ శాఖలో కాలమ్ లేదనీ చక్రధరరావు విచారం వెలిబుచ్చాడు.

"అన్నిటికీ మించి, సంతాపాలకు మీరు ధన్యవాదాలు సమర్పించారా లేదా?"

"సమర్పించిన సార్."

"ఎందుకు సమర్పించారు?"

"సమర్పించకపోతే సూచిక తగ్గుతది గదా సార్."

చక్రధరరావు ముఖం వెలిగిపోయింది. వ్యవస్థ ఎంత చక్కగా పనిచేస్తోందో చూశారా అన్నాడు. అయినా దారి లేకపోలేదని చెప్పాడు. సంతాపం తెలిపిన నాలుగు వందల పదకొండు మందీ తమ భావాలను ఉపసంహరించుకుంటే మరణం రద్దవుతుంది. కాకపోతే భావం మార్చుకున్న ప్రతివాడికీ చంచల స్వభావం కింద రెండు మార్కులు కోస్తారు. బుచ్చవ్వ అప్పుడు ఒక్క మాట అడిగింది, శుక్రవారం లోపల అవుతుందా అని. పోయినవారి విషయంలో తొందర ఉండదమ్మా అన్నాడు ఉపసంచాలకుడు.

రాజలింగం ఆ రాత్రీ మర్నాడూ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. అందరూ అయ్యో పాపం అన్నారు. చాలామంది నిజంగానే బాధపడ్డారు. ఉపసంహరించుకుంటామని మాత్రం ఎవరూ అనలేదు. ఫోటోగ్రాఫర్ల సంఘం అధ్యక్షుడు షబ్బీర్, ఎవరి ఆపదకైనా ముందుండే మనిషి, దాపరికం లేకుండా చెప్పేశాడు.

"నాది ఎనభై ఒకటి అన్నా. రెండు పోతె దుకాణం మూసుడే. నా పొల్లగాండ్లకు నేనేం చెప్పాలె?"

చెప్పి ఊరుకోకుండా ఒక ఉపాయం కూడా ఇచ్చాడు. అవ్వను రంగుల్లో ఫోటో తీసి పెట్టమన్నాడు. రంగులుంటే అందరూ హ్యాపీ బర్త్‌డే అంటారు. నాలుగు వందల పదకొండు పుట్టినరోజులు వస్తే ఆ చావు దానంతటదే కొట్టుకుపోతుంది. రాజలింగానికి ఇది దైవవాక్కులా వినిపించింది. మంగళవారం సుగుణ ఎర్రంచు చీర తెచ్చి బుచ్చవ్వకు కట్టింది. చేతికి పసుపు, నీలం బుడగలిచ్చారు. పుట్టినరోజు ఎన్నడూ జరుపుకోని ఆవిడ బుడగలు పట్టుకుని బుద్ధిగా కూర్చుంది. ఫోటో పెట్టిన పది నిమిషాల్లో నాలుగు వందల పదకొండు 'హ్యాపీ బర్త్‌డే'లు వచ్చాయి. రాజలింగం ఈసారి ఒక్కొక్కటీ చదివి మరీ చేతులు జోడించాడు.

బుధవారం సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. స్వర్గీయ కూన బుచ్చవ్వ గారి ప్రథమ జయంతిని ఛాయాచిత్రకార లోకం ముక్తకంఠంతో జరుపుకోవడం తమకు గర్వకారణమని అందులో ఉంది. చావు కొట్టుకుపోలేదు సరికదా, గట్టిపడింది.

అదే ఉత్తరంలో రెండో పేరా కూడా ఉంది. ఒక ఫోటోకు నూటికి నూరు శాతం స్పందన, నూటికి నూరు శాతం ధన్యవాద సమర్పణ రావడం రాష్ట్రంలోనే ఇది మొదటిసారి. కాబట్టి రాజలింగాన్ని 'ఉత్తమ సంబంధ నిర్మాత'గా ఎంపిక చేశారు. గురువారం సన్మానం. మృతురాలి కుటుంబం నుంచి ఒకరిని తీసుకురావాలి. ఫారంలో 'మృతురాలికి ఏమవుతారు' అని అడిగిన చోట రాజలింగం 'ఆమే' అని రాశాడు. గుమాస్తా ఫోన్ చేసి తల్లి, కూతురు, చెల్లెలు, ఇతరులు తప్ప వేరే వీలు లేదన్నాడు. బుచ్చవ్వ తనకు తాను 'ఇతరులు' అయింది.

గురువారం హాలు నిండిపోయింది. వేదిక మీద బుచ్చవ్వ ఫోటో నిలువెత్తు ఫ్లెక్సీగా నిలబెట్టి, బంతిపూల దండ వేశారు. చక్రధరరావు రెండు నిమిషాలు మౌనం పాటించమన్నాడు. అందరూ లేచారు. ముందు వరసలో ఉన్న బుచ్చవ్వ కూడా లేచి, ఎవరు పోయారని రాజలింగం చెవిలో అడిగింది. రేపు పొద్దున పదింటికి ఆపరేషన్లు మొదలవుతాయి. ఈ పూట దాటితే ఆ కన్ను పోతుంది. సంస్థ ప్రకటించిన భావాన్ని బహిరంగంగా ఖండించినవాడి సూచిక సున్నా అవుతుందని నియమావళి పన్నెండో పేజీలో ఉంది. అతనికి అది కంఠతా వచ్చు.

శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. ధన్యవాదాలు చెప్పాలని రాసి ఇచ్చిన కాగితాన్ని రాజలింగం జేబులో పెట్టుకున్నాడు.

"బుచ్చవ్వ సావలేదు. గా ముందల కూసున్నది, సూడుండ్రి. మనం ఎవ్వలం ఫోటో సూడలే, అందుకే సచ్చింది. నేను గూడ సూడకుంటనే దండం పెట్టిన. రేపు ఆమెకు కంటి ఆపరేషన్ ఉన్నది, కార్డు బంద్ జేసిండ్రు. మీ శాలువా వద్దు, నా లైసెన్సు తీస్కోండి, ఆమె కన్ను ఆమెకియ్యుండ్రి."

హాల్లో ఎవరూ కదల్లేదు. షబ్బీర్ తలొంచుకున్నాడు. చాలామంది ఫోన్ల మీద ఉన్న వేళ్లు మొదటిసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం ఇంకొక్క నిమిషం నిలిస్తే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. చక్రధరరావు అనుభవం గలవాడు, మైకు అందుకున్నాడు.

"కళాకారుడి శోకం ఎంత గాఢమైనదో మనమంతా ప్రత్యక్షంగా చూశాం. ఆత్మీయుల మరణాన్ని అంగీకరించలేని ఆ హృదయానికి నమస్కరిస్తున్నాను."

హాలు చప్పట్లతో మారుమోగింది. ముఖ్య అతిథి కళ్లు తుడుచుకుని, బుచ్చవ్వ గారి స్మృత్యర్థం రేపటి కంటి శిబిరంలో ఒక పేదరాలికి ఏ కార్డూ అడక్కుండా ఆపరేషన్ చేయిస్తానని అక్కడికక్కడే ప్రకటించాడు. ఎవరిని ఎంపిక చెయ్యాలా అని చూస్తే, మృతురాలి తాలూకు 'ఇతరులు' ముందు వరసలోనే కనిపించింది. కంట్లో పొర కూడా ఉంది. ఇంతకంటే అర్హురాలు దొరకదని అందరూ సంతోషించారు. రాజలింగం మళ్లీ నోరు తెరవబోయాడు. సుగుణ కింద నుంచి కళ్లెర్ర చేసింది. మూసేశాడు.

శుక్రవారం కూన బుచ్చవ్వ కంటికి స్వర్గీయ కూన బుచ్చవ్వ స్మారకార్థం ఆపరేషన్ జరిగింది. శనివారం పొద్దున కట్టు విప్పారు. చక్రధరరావు పదిమందితో వచ్చాడు. లబ్ధిదారు మృతురాలి గురించి కనీసం రెండు మాటలు మాట్లాడాలని కొత్తగా నియమం పెట్టారు. బుచ్చవ్వ ముఖం మీదికి ఫోను పెట్టారు. ఆమె కొత్త వెలుతురుకు కన్ను చికిలించి ఆయన్ను నిదానంగా చూసింది.

"ఆమె సావలేదు" అంది.

చక్రధరరావు వేళ్ల మీద లెక్కపెట్టి, రెండు మాటలు సరిపోయాయన్నాడు. ఎంత గొప్పగా చెప్పారమ్మా, ఆమె మన గుండెల్లో బతికే ఉన్నారు అని పక్కనున్న గుమాస్తాతో రాయించుకుని, అందరితో చప్పట్లు కొట్టించి వెళ్లిపోయాడు.

రాజలింగం గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతని లైసెన్సు పొద్దున్నే రద్దయింది. షబ్బీర్ మాత్రం ఎవరికీ చెప్పకుండా తన రెండు మాటలూ వెనక్కి తీసుకుని, డెబ్బై తొమ్మిదికి పడిపోయి, అతని పక్కన వచ్చి నిలబడ్డాడు. ఇద్దరికీ చెయ్యడానికి పనేమీ లేదు. ఒక్క 'ఓం శాంతి' తగ్గింది కాబట్టి ఇంకా నాలుగు వందల పది ఉన్నాయని షబ్బీర్ అన్నాడు. రాజలింగం నవ్వలేకపోయాడు. ఈ అవ్వ ఇకముందు ఏ ఆఫీసుకు వెళ్లినా బతికి లేదు. ఆ పాపం తనదేనని అతనికి తెలుసు, ఆమె కాళ్లు పట్టుకుని ఆ మాట చెప్పాలని ఉంది.

చెప్పే బదులు సంచిలోంచి కవరు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆ నలుపు తెలుపు ఫోటోనే, మంచి కాగితం మీద అచ్చువేసి తెచ్చాడు. బుచ్చవ్వ దాన్ని అలవాటు కొద్దీ వేళ్లతో తడిమింది. తర్వాత ఏదో జ్ఞాపకం వచ్చినట్టు చెయ్యి చాచి దూరంగా పట్టుకుంది. చాలాసేపు చూసింది. ముడతలు చూసింది, చెంప మీద ఎండ చూసింది, మూసుకుపోయిన ఎడమ కన్ను చూసింది. ఆ ఫోటోను అంతసేపు చూసిన మనిషి జిల్లాలో ఇంకొకరు లేరు.

"మస్తు ముసలిదాన్నయిన బిడ్డా" అంది, మురిసిపోతూ.